నీళ్ళు మింగకుండానే మునిగిపోవచ్చు!

సెలవులు దగ్గర పడుతున్నాయంటే మా యూసుఫ్‌గూడలో నన్ను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "డాక్టరుగారూ, పిల్లలతో అండమాన్ వెళ్తున్నాం. ఏయే మందులు దగ్గర పెట్టుకోమంటారు?" వాంతులకు, విరేచనాలకు, జ్వరానికి, పడవలో కళ్ళు తిరక్కుండా వుండడానికి అన్నీ రాయించుకుంటారు. "అక్కడ సముద్రంలో దిగుతారా?" అని మాత్రం నేనే అడగాలి. "దిగకుండా ఎలా వుంటామండీ! ముఖానికి అద్దం తగిలించి, నోట్లో గొట్టం పెట్టి, నీళ్ళలో చేపల్ని చూపిస్తారటగా!" అంటారు.

ఆ గొట్టం పేరు స్నార్కెల్. బోర్లా తేలుతూ, ముఖం నీళ్ళలో వుంచి, నీటి పైకి తేలివున్న గొట్టం చివర నుంచి నోటితో గాలి పీల్చుకుంటూ అడుగున వున్న పగడపు దిబ్బల్ని చూడడం ఆ వినోదం. ఒకప్పుడు ఇది మనం సినిమాల్లో మాత్రమే చూసిన సంగతి. ఇప్పుడు అండమాన్, లక్షద్వీప్, మాల్దీవులు, థాయ్‌లాండ్, బాలి అన్నీ మధ్యతరగతి కుటుంబాలకు అందుబాటులోకి వచ్చాయి. కొత్త దంపతులు వెళ్తున్నారు. అమెరికాలో వున్న కొడుకూ కోడలూ తల్లిదండ్రుల్ని హవాయికి తీసుకువెళ్తున్నారు. సరదా మంచిదే. కాని ఆ గొట్టం వెనక వున్న ప్రమాదం మనం అనుకునే ప్రమాదం కాదు.

మన పేటవాళ్ళకు నీళ్ళతో పరిచయం తక్కువ. సాయంత్రాలు మనం నడకకు వెళ్ళే కృష్ణకాంత్ పార్కు ఒకప్పుడు యూసుఫ్‌గూడ చెరువు. ఇప్పుడు పెద్ద వాన కురిసి కృష్ణానగర్ వీధులు కాలవలైనప్పుడు తప్ప ఇక్కడి పిల్లలకు పారే నీళ్ళు కనిపించవు. అంచేత ఈత రానివాళ్ళు, "గొట్టం వుంది, లైఫ్ జాకెట్ వుంది, గైడు వున్నాడు" అని దిగుతారు. చిన్నప్పుడు పల్లెల్లో ఈదినవాళ్ళు, "నాకు ఈత వచ్చు, నాకేం భయం" అని దిగుతారు. ఈ రెండో రకం వారి గురించే నాకు ఎక్కువ బెంగ.

కిందటేడు ఒక పెద్దమనిషి నా దగ్గరకు వచ్చారు. వయస్సు 57. రక్తపోటుకు మాత్ర వాడుతున్నారు. కృష్ణా కాలవలో ఈదుతూ పెరిగిన మనిషి. అండమాన్‌లో అలలు బొత్తిగా లేని చోట, ఎండ వెలుగులో, గొట్టం పెట్టుకుని దిగారు. అయిదారు నిమిషాలయ్యేసరికి ఆయాసం మొదలైంది. "కొత్తగదా, సర్దుకుంటుంది" అనుకుని గొట్టంలోంచే ఇంకా గట్టిగా పీల్చారు. ఆయాసం ఇంకా పెరిగింది. చేతుల్లో సత్తువ పోయింది. ఏదో కీడు జరగబోతోందన్న భయం పట్టుకుంది. అదృష్టవశాత్తు అద్దం పీకి పారేసి వెల్లకిలా తిరిగారు. గైడు చూసి ఒడ్డుకు లాగాడు. దగ్గితే గులాబీ రంగు నురగ పడింది. అక్కడి ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టి, ఒకరోజు వుంచుకుని, "సముద్రపు నీరు మింగారు" అని కాగితం మీద రాసి పంపారు.

ఆయన నాతో అన్న మాట ఇది: "డాక్టరుగారూ, ఒట్టేసి చెబుతున్నాను. ఒక్క చుక్క నీరు కూడా నా నోట్లోకి పోలేదు."

ఆ మాట నేను నమ్మాను. మరి ఊపిరితిత్తుల్లోకి నీరు ఎక్కడి నుంచి వచ్చింది?

ఒంట్లోంచే వచ్చింది. మనం నేల మీద నిలబడి వున్నప్పుడు కొంత రక్తం కాళ్ళలోను, పొట్టలోను నిలిచి వుంటుంది. మెడలోతు నీళ్ళలోకి దిగగానే నీటి ఒత్తిడి ఆ రక్తాన్ని ఛాతీలోకి నెడుతుంది. ఇది కొద్దిపాటి రక్తం కాదు, సుమారు అర లీటరు, ఒక్కొక్కరిలో అంతకు మించి కూడా. నీళ్ళు చల్లగా వుంటే చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని మరికొంత పంపుతాయి. (నీళ్ళలో దిగిన కాసేపటికి మూత్రం వస్తున్నట్లు అనిపించడం మీలో చాలామందికి అనుభవమే. రక్తం ఎక్కువైందనుకుని శరీరం దాన్ని తగ్గించుకునే ప్రయత్నమది.) గట్టి గుండె ఈ అదనపు రక్తాన్ని తోసేస్తుంది. రక్తపోటుతో గోడలు బిరుసెక్కిన గుండెకు అది భారం. అప్పుడు ఊపిరితిత్తుల్లోని సన్నని రక్తనాళాల్లో ఒత్తిడి పెరుగుతుంది.

ఇక గొట్టం సంగతి. కొబ్బరి బొండాంలో లావు గొట్టం వేసి తాగండి, హాయిగా వస్తుంది. సన్న గొట్టం వేస్తే బుగ్గలు లోపలికి పోయేలా పీల్చాలి. స్నార్కెల్ గొట్టం ఇరుకైనా, లోపల కవాటాలు ఎక్కువైనా, ఛాతీ అలాగే బలం పెట్టి పీల్చాలి. పైగా ఛాతీ నీటి మట్టానికి కింద వుంటుంది కనుక పీల్చిన ప్రతిసారీ నీటి బరువునూ పైకెత్తాలి. ఈ పీల్చుడు బయటి గాలినే లాగి వూరుకోదు. పలుచని రక్తనాళాల గోడల్లోంచి రక్తంలోని ద్రవాన్ని కూడా గాలి తిత్తుల్లోకి లాగుతుంది. తిత్తులు తడిస్తే ఆక్సిజన్ రక్తంలోకి ఎక్కదు. ఆయాసం వస్తుంది. ఆయాసం వస్తే మనిషి ఏం చేస్తాడు? ఇంకా గట్టిగా పీలుస్తాడు. అలా పీల్చినకొద్దీ ఇంకా ద్రవం చేరుతుంది. నిమిషాల్లో సత్తువా, స్పృహా రెండూ పోతాయి. నీరు నోట్లోకి పోయేది ఆ తర్వాత.

గొట్టం వల్ల ఇంకొక నష్టం కూడా వుంది. మనం ఒక్కొక్క శ్వాసకు సుమారు అర లీటరు గాలి పీలుస్తాం. అందులో 150 మిల్లీలీటర్ల దాకా తిత్తులకు చేరకుండా గొంతులోను, శ్వాసనాళాల్లోను నిలిచిపోయి వెనక్కు వచ్చేస్తుంది. గొట్టం ఆ దండగను పెంచుతుంది. అంచేత ఆదరాబాదరాగా, పైపైన తీసే శ్వాస స్నార్కెల్‌లో పనికిరాదు. వదిలిన గాలినే మళ్ళీ పీల్చినట్లవుతుంది. నిదానంగా, నిండుగా తీయాలి. కుర్రవాళ్ళు కొందరు పొడుగు ప్లాస్టిక్ గొట్టాలు అతికించి లోతుకు దిగుదామని చూస్తారు. అది ప్రాణాంతకం సుమా! గొట్టం పొడుగైతే లోతు పెరగదు, ఊపిరే ఆగిపోతుంది.

హవాయిలో ఏం తెలుసుకున్నారు?

నీటిలో వుండగా ఊపిరితిత్తుల్లో ఇలా ద్రవం చేరడం వైద్యులకు కొత్త కాదు. 1989లోనే బ్రిటిష్ వైద్యులు కొందరు ఈతగాళ్ళలోను, నీటి అడుగుకు దిగేవారిలోను దీన్ని గమనించి 'లాన్సెట్' పత్రికలో రాశారు. తర్వాత ఇజ్రాయెల్‌లో ఈత శిక్షణ పొందుతున్న ఆరోగ్యవంతులైన కుర్రవాళ్ళలో కూడా కనిపించింది. కాని స్నార్కెల్‌కూ దీనికీ వున్న సంబంధాన్ని పట్టుకుని తవ్వింది హవాయి దీవుల వైద్యులు.

హవాయికి వచ్చే యాత్రికుల్లో నీట మునిగి చనిపోయేవారిని లెక్క తీస్తే స్నార్కెల్ చేస్తూ పోయినవారే అన్నిటికంటె ఎక్కువగా తేలారు. అందులో ఎక్కువమంది 50 దాటిన మగవారు. చాలామంది అరవలేదు, చేతులు వూపలేదు, పెనుగులాడలేదు. బోర్లా తేలుతూనే వుండిపోయారు. పక్కవాళ్ళు చేపల్ని చూస్తున్నారనే అనుకున్నారు.

శవపరీక్ష దీనికి జవాబు చెప్పలేదు. నీరు పీల్చి చనిపోయినవాడి ఊపిరితిత్తులూ బరువుగా, నురగతో నిండి వుంటాయి. తన రక్తంలోని ద్రవమే చేరి చనిపోయినవాడివీ అలాగే వుంటాయి. కత్తికి తేడా తెలియదు. అందుకని ఆ పరిశోధకులు ఒక తెలివైన పని చేశారు. పోయినవారి కాగితాలతో ఆగకుండా, చావు అంచుదాకా వెళ్ళి బతికి వచ్చినవారిని అడిగారు. మొదట ఏమైంది? నీరు మింగారా? కాళ్ళు నేలకు అందుతున్నాయా? ఏ రకం గొట్టం? జవాబుల్లో తరచు ఒకే వరస కనిపించింది. ముందు ఆయాసం, తర్వాత నీరసం, ఆ తర్వాత భయం, చివరకు మగత. నీరు మింగడం వల్ల మొదలైనవి తక్కువ. ఈత వచ్చినవారు, అనుభవం వున్నవారు కూడా అందులో వున్నారు. చాలామంది కాళ్ళు అందని లోతులో వున్నారు. రకరకాల గొట్టాలు తెచ్చి పరీక్ష చేస్తే, పీల్చడానికి ఏది తేలికో, ఏది కష్టమో పైకి చూసి చెప్పడం సాధ్యం కాలేదు. అయితే కవాటాలు, మూతలు లేని సాదా లావు గొట్టమే మొత్తం మీద మేలనిపించింది. ముఖమంతా కప్పే కొత్త రకం మాస్కు మీద చాలా అపవాదు వుంది. దాన్ని ప్రత్యేకంగా దోషి అని నిలబెట్టే రుజువు దొరకలేదు. కాని ఆయాసం వచ్చినప్పుడు నోట్లోంచి గొట్టం వుమ్మేసినంత సులువుగా దాన్ని తీసెయ్యలేం. నా ఓటు మాత్రం పాత రకానికే.

దూర విమాన ప్రయాణం తర్వాత వెంటనే దిగడం కూడా ఒక కారణమేమోనని ఆ పరిశోధకులు అనుమానించారు. అది ఇంకా రుజువు కాలేదు. అయినా విమానం దిగిన రోజే సముద్రంలో దిగాలన్న తొందర ఎందుకు? ఒకటి రెండు రోజులు ఒడ్డున తిరగండి.

ఎవరు దిగకూడదు? దిగేవారు ఏం చెయ్యాలి?

గుండె జబ్బు వున్నవారు, గుండె బలహీనంగా వుందని ఎకో పరీక్షలో తెలిసినవారు, నాలుగు మెట్లెక్కితే ఆయాసపడేవారు, అదుపులేని రక్తపోటు, ఉబ్బసం వున్నవారు స్నార్కెల్ జోలికి పోవద్దు. అడుగున అద్దం వున్న పడవలు అండమాన్‌లో వున్నాయి. వాటిలో కూర్చుని అవే చేపల్ని చూడవచ్చు. 50 దాటిన మగవారు బయలుదేరేముందు ఒకసారి రక్తపోటు చూపించుకోండి. ప్రయాణంలో బి.పి. మాత్ర మానేసే అలవాటు మనవాళ్ళలో చాలా వుంది. "రోజంతా బయట తిరగాలి, మూత్రం మాత్ర ఎందుకు" అని దాన్ని పెట్టెలోనే వుంచేస్తారు. ఆ రోజు నీళ్ళలో దిగకండి. మద్యం తాగి దిగేవారికి నేను చెప్పేదేమీ లేదు, వారి ఇంటివారికి చెబుతున్నాను: దిగనివ్వకండి.

గొట్టాన్ని ఒడ్డునే పరీక్ష చేసుకోండి. నోట్లో పెట్టుకుని, ముక్కు మూసుకుని, కుర్చీలో కూర్చుని అయిదు నిమిషాలు ఊపిరి తీయండి. తర్వాత అటూ ఇటూ నడుస్తూ తీయండి. ఏమాత్రం బలం పెట్టి పీల్చవలసి వచ్చినా ఆ గొట్టం మీకు వద్దు, ఇంకొకటి అడగండి. అద్దె దుకాణంలో మొహమాటపడకండి. పోర్టుబ్లెయిర్‌లోను (2024 నుంచి దాని పేరు శ్రీవిజయపురం), చుట్టుపక్కలా తెలుగువాళ్ళు చాలామంది స్థిరపడి వున్నారు. మీ సందేహం తెలుగులో అడిగినా జవాబు దొరికే అవకాశం వుంది. మీసాలున్న మగవారికి ఒక ఇబ్బంది. మీసం మీద అద్దం అంచు సరిగా అతకదు, నీరు కారుతుంది. కొంచెం వాసెలిన్ రాసుకుంటే కొంత నయం.

నీళ్ళలో మొదటి పది నిమిషాలు కాళ్ళు నేలకు అందే చోటే వుండండి. అక్కడ గైడ్లు గాలి నింపిన రబ్బరు చక్రం పట్టుకోమని చెప్పి లోతుకు లాక్కెళ్తారు. మీ ముఖం కిందికి, అతని ముఖం ముందుకు. మీకు ఏమవుతోందో అతనికి తెలియదు. దిగేముందే గుర్తు చెప్పుకోండి: చక్రం మీద రెండుసార్లు తడితే ఆగాలి. జంటగా దిగండి. ఇద్దరూ చేపల్ని చూస్తే అది జంట కాదు. ఒకరు చూస్తుంటే ఇంకొకరు వారిని చూడాలి.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన మాట. కారణం లేకుండా ఆయాసం వచ్చిందా, వెంటనే నోట్లోంచి గొట్టం తీసెయ్యండి. అద్దం తీసెయ్యండి. వెల్లకిలా తిరిగి ముఖం గాలికి పెట్టండి. చెయ్యెత్తి గైడును పిలవండి. నీళ్ళలోంచి బయటకు వచ్చెయ్యండి. "కాస్త సర్దుకోనీ" అని ఆ గొట్టంలోంచే పీలుస్తూ వుండకండి. కొందరు ఎక్కువసేపు మునిగి వుండాలని దిగేముందు గబగబా పదిపదిహేను శ్వాసలు తీస్తారు. దానివల్ల ఆక్సిజన్ పెరగదు. బొగ్గుపులుసు వాయువు తగ్గి, ఊపిరి తీసుకోవాలన్న హెచ్చరికే మెదడుకు అందదు. హెచ్చరిక లేకుండానే స్పృహ తప్పుతుంది.

లైఫ్ జాకెట్ తప్పనిసరి. ఫొటోలో బాగుండదని విప్పేస్తున్నారు. 2016 నవంబరు 7న బెంగుళూరు దగ్గర తిప్పగొండనహళ్ళి జలాశయంలో కన్నడ చిత్రం 'మాస్తిగుడి' చిత్రీకరణలో ముగ్గురు నటులు హెలికాప్టర్ నుంచి దూకారు. లైఫ్ జాకెట్ వున్న కథానాయకుడు బతికాడు. లేని ఇద్దరూ మునిగిపోయారు. కృష్ణానగర్‌లో పోరాట కళాకారులు, జూనియర్ ఆర్టిస్టులు ఎంతమంది వున్నారో మనకు తెలుసు. ఈ మాట వారికి ప్రత్యేకంగా చెబుతున్నాను. కెమెరాకు కనిపించకుండా తొడుక్కునే పలుచని జాకెట్లు వున్నాయి. అడగండి.

సినిమాల మాట వచ్చింది కనుక ఇంకొక సంగతి. మన ఫిల్మ్‌నగర్ సినిమాల్లో మునిగిపోయేవాడు రెండు చేతులూ పైకెత్తి "కాపాడండి" అని మూడుసార్లు అరుస్తాడు. నిజంగా మునిగేవాడికి అరవడానికి ఊపిరి వుండదు. న్యూయార్కులో ఆర్చర్డ్ బీచ్ తీరరక్షకుడు ఫ్రాంక్ పియా నిజమైన సంఘటనలనే ఫిల్ము తీసి, 1970ల నుంచి ఈ సంగతి అందరికీ చెబుతూ వచ్చాడు. నోరు నీటి మట్టానికి పైకీ కిందికీ ఆడుతుంది. చేతులు పక్కలకు చాపి నీటిని కిందికి నొక్కుతాయి. చప్పుడు వుండదు. ఇదంతా 20 నుంచి 60 సెకన్లు. స్నార్కెల్‌లో అదీ కనిపించదు. అంచేత కదలకుండా తేలుతున్న మనిషిని చూస్తే పలకరించండి. పలక్కపోతే తిప్పండి.

ఒడ్డుకు తెచ్చాక

స్పృహ వుండి ఆయాసపడుతుంటే కూర్చోబెట్టండి, పడుకోబెట్టకండి. ఊపిరి లేకపోతే పొట్ట నొక్కడం, తలకిందులుగా వేలాడదీయడం, గిరగిర తిప్పడం ఇవేవీ చెయ్యకండి. పొట్టలోని ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోతుంది, విలువైన నిమిషాలూ పోతాయి. ఉప్పులో కప్పెడితే లేచి కూర్చుంటాడన్న పుకారు ఫోన్లలో తిరుగుతూ వుంటుంది. అది పచ్చి అబద్ధం.

నీటి ప్రమాదంలో గుండె ఆగేది ఆక్సిజన్ లేక. అంచేత ముందు ఊపిరి ఇవ్వాలి. తల వెనక్కు వంచి, ముక్కు మూసి, నోటిలో నోరు పెట్టి రెండు నుంచి అయిదు శ్వాసలు, ఛాతీ లేచేటట్లు వూదండి. నురగ వస్తుంటే తుడుస్తూ కూర్చోకండి. తర్వాత ఛాతీ మధ్య రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో, 5 సెంటీమీటర్ల లోతుకు నొక్కండి. 30 నొక్కులకు రెండు శ్వాసలు. ఒకరు ఇది చేస్తుండగా ఇంకొకరు 108కి గాని 112కి గాని ఫోన్ చెయ్యాలి. తేరుకున్నా సరే ఆస్పత్రికి తీసుకువెళ్ళండి. ఆయాసం గంటల తర్వాత పెరగవచ్చు.

లెక్క ఎవరు రాస్తున్నారు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 నివేదిక ప్రకారం 2021లో ప్రపంచమంతటా సుమారు 3 లక్షలమంది నీట మునిగి చనిపోయారు. మన దేశంలో 2022లో పోలీసు లెక్కలకు ఎక్కినవారే 38 వేలకు పైన. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నది మన హైదరాబాదు ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మందిని తీసుకుపోయినప్పుడు, 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగినప్పుడు దేశమంతా మాట్లాడింది. ఒక్కొక్కరుగా పోయేవారి గురించి ఎవరూ మాట్లాడరు. జాతీయ నేర గణాంక సంస్థ పట్టికలో నీటి చావులకు మూడే గడులు: పడవ మునక, ప్రమాదవశాత్తు నీళ్ళలో పడడం, ఇతరాలు. స్నార్కెల్‌తో పోయినవాడు ఆ 'ఇతరాల్లో' కలిసిపోతాడు. అతనికి ఈత వచ్చా, గుండె జబ్బు వుందా, ముందు ఆయాసమన్నాడా అని అడిగే గడి లేదు.

బతికినవారి సంగతి ఇంకా అన్యాయం. 2002లో ఆమ్‌స్టర్‌డాంలో సమావేశమైన నిపుణులు మునక అంటే చావు కాదని, నీటివల్ల ఊపిరికి అడ్డంకి కలగడమే మునక అని నిర్వచించారు. మునిగి బతకవచ్చు, మునిగి దెబ్బ తినవచ్చు. కాని మన భాషలో 'మునిగిపోయాడు' అంటే పోయినట్లే అర్థం. బతికితే 'ఏమీ కాలేదు' అంటాం. ఏమీ కాకపోతే లెక్క రాసేదెవరు? 2023 డిసెంబరులో కేంద్ర ఆరోగ్యశాఖ నీటి మునక నివారణకు ఒక ప్రణాళిక విడుదల చేసింది. మంచిదే. కాని కాగితాలు నింపేది మనం చెప్పినదాన్నిబట్టే కదా!

అంచేత మీ కళ్ళ ఎదుట అలాంటిది జరిగితే పంచనామా రాసే పోలీసు అడక్కపోయినా చెప్పండి. నీళ్ళలోకి దిగి ఎన్ని నిమిషాలైంది, కాళ్ళు అందే లోతేనా, దగ్గాడా, పెనుగులాడాడా, నిశ్శబ్దంగా వుండిపోయాడా, ఆయాసమని ముందుగా అన్నాడా, ఆనాడు మాత్ర వేసుకున్నాడా, మద్యం తాగాడా, విమానం దిగి ఎన్ని రోజులైంది. ఆ అద్దాన్ని, గొట్టాన్ని దుకాణంవాడికి తిరిగి ఇచ్చెయ్యకండి, పోలీసులకు అప్పగించండి. లేకపోతే మర్నాడు ఇంకొకరి నోట్లోకి వెళ్తుంది.

బతికి బయటపడినవారైతే డిశ్చార్జి కాగితం మీద 'నీరు మింగారు' అని మాత్రమే రాస్తే ఒప్పుకోకండి. 'స్నార్కెల్‌తో వుండగా ముందు ఆయాసం వచ్చింది, నీరు మింగలేదు' అని మీ మాటల్లోనే రాయమని అడగండి. ఊరికి వచ్చాక ఆ కాగితం తీసుకుని మీ డాక్టరు దగ్గరకు వెళ్ళి రక్తపోటు, ఇ.సి.జి., ఎకో చేయించుకోండి. ఒకసారి ఇలా అయినవారికి మళ్ళీ అయ్యే అవకాశం ఎక్కువ కనుక, ఆ పరీక్షలు చూసి డాక్టరు సరేననేదాకా స్నార్కెల్ మాత్రమే కాదు, ఈతకొలను కూడా వద్దు.